అద్దంలో నువ్వు కనపళ్ళా!

నెల్లూరు మినీ బైపాస్ మీద ఈమధ్య ఒక పెద్దమనిషి గొప్ప సత్యం ప్రకటించాడు. కొత్త కారు, సీట్ల మీద ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తియ్యలేదు. రోడ్డు మధ్యలో పోతున్నవాడికి ఎడమ పక్కన టీ బంకు కనపడింది. కనపడగానే కారు అటు తిరిగింది. ఇండికేటర్ వెయ్యలేదని నిందించకూడదు, సగం తిరిగాక వేశాడు. కారుకీ టీకీ మధ్యలో పాలక్యాన్లు కట్టుకున్న టీవీఎస్ మీద ఒక ముసలాయన ఉన్నాడు. బ్రేకు పట్టాడు, పడ్డాడు, మోకాలు చెక్కుకుపోయింది, పాలు రోడ్డు పాలయ్యాయి. కారాయన కిటికీ దించి ఒకే మాటన్నాడు: "అద్దంలో నువ్వు కనపళ్ళా!"

అది క్షమాపణ అనుకునేరు. కాదు, ఫిర్యాదు.

"నేనీడనే ఉండా గదయ్యా" అన్నాడు ముసలాయన. "ఉంటే అద్దంలో కనపడాలి గదా" అన్నాడు కారాయన. బంకు దగ్గర టీ తాగుతున్న న్యాయమూర్తులు గ్లాసులతోనే విచారణకి దిగారు. ఒకాయన కారులో కూర్చుని, ముసలాయన్ని ఇందాకటి చోటే నిలబడమని, ఎడమ అద్దంలోకి చూశాడు. "నిజమే, ఈయన లేడు" అని తేల్చాడు. "రెండడుగులు వెనక్కి పో తాతా" అన్నాడు ఇంకొకాయన. తాత కుంటుకుంటూ పోయాడు. "ఆ, ఇప్పుడుండాడు!" అందరికీ సంతోషం. "చూశావా, ముందే ఆడుంటే ఏ గొడవా లేకపోను" అని కారాయనకి న్యాయం జరిగింది. మెడ ఒక్కసారి ఎడమకి తిప్పి ఉంటే సరిపోయేది కదా అని అడిగినవాడు ఆ బెంచీలో ఒక్కడూ లేడు.

పింఛను తీసుకునేవాళ్ళు బతికే ఉన్నామని ఏటా సర్టిఫికెట్ ఇచ్చుకుంటారు. టూవీలర్ వాళ్ళకి కూడా ఆ పద్ధతి పెట్టాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. వేదాయపాళెంలో బయల్దేరి గాంధీబొమ్మ చేరేలోపు, పక్కన వచ్చే ప్రతి కారుకీ ఒక కాపీ.

ఇంతకీ ఆ అద్దంలో ఏం కనపడుతుంది? చాలామంది కార్లలో, సొంత కారు తలుపు. షోరూము వాడు ఎలా పెట్టిచ్చాడో అలాగే, మూడోవంతు అద్దం నిండా తలుపూ, దాని పిడీ. తలుపు ఎక్కడికీ పారిపోదు నాయనా, దాని మీద నిఘా ఎందుకు? తల కుడి కిటికీకి ఆనించి, కారు పక్కభాగం అంచు అంచుగా కనపడేంతవరకు కుడి అద్దాన్ని బయటికి తిప్పాలి. రెండు సీట్ల మధ్యకి వంగి ఎడమ అద్దాన్నీ అలాగే తిప్పాలి. గుడ్డి జాగా, అంటే అద్దంలో కనపడని చోటు, చాలా తగ్గుతుంది. పూర్తిగా పోదు, అందుకే మెడ. పైగా బయటి అద్దం ఉబ్బుగా ఉండి ఎక్కువ చోటు చూపించే లెక్కలో బండిని చిన్నది చేసి, ఇంకా దూరంగా ఉన్నట్టు చూపిస్తుంది. ఆ సంగతి అద్దం మీదే ఇంగ్లీషులో రాసుంటుంది. మనం దాని మీదే కుంకుమ బొట్టు పెడతాం. టైరు కింద నిమ్మకాయకి పొదలకూరు మార్కెట్టే ఉంది, మెడకి మాత్రం కొరతొచ్చింది.

"మెడ తిప్పితే ముందు ఎవరు చూస్తారు?" అని తెలివిగా అడుగుతారు. గుడ్లగూబలాగా వెనక్కి తిప్పమనలేదు. గడ్డం భుజం దాకా, అర సెకను. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో అర సెకనుకి కారు 11 మీటర్లు పోతుంది. కాబట్టి ముందు బండికి తగినంత దూరం ఉంచుకోవాలి. ఆ దూరం ఉంచే అలవాటే లేదని ఒప్పుకోలేక నేరం మెడ మీద వేస్తారు. ఇదే మెడ రోడ్డు పక్కన ఇద్దరు కొట్టుకుంటుంటే వెనక సీటు దాకా తిరుగుతుంది.

అద్దం చరిత్ర కూడా ఈ రకమే. 1911లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో మొదటి 500 మైళ్ళ పందెం. మిగతావాళ్ళంతా వెనక చూసి చెప్పడానికి పక్కన మెకానిక్‌ని ఎక్కించుకుంటే, రే హారూన్ అనే ఆయన మనిషిని వదిలేసి అద్దం బిగించుకుని గెలిచాడు. ఇటుకల ట్రాక్ మీద అది అదిరిపోయి ఏమీ కనపళ్ళేదని తర్వాత ఆయనే చెప్పాడంటారు. అయినా అక్కడ అందరూ ఒకే దిక్కుకి పోతారు, పాలక్యాన్ల టీవీఎస్ రాదు.

మన దగ్గరా ఆ మనిషి ఉండేవాడు. క్లీనర్. ఎడమ తలుపులోంచి సగం బయటికి వేలాడుతూ, చేత్తో లారీ రేకు మీద కొడుతూ "రానీ రానీ, ఆగాగు" అని అరిచేవాడు. లారీకి ఎడమ పక్క, మూతి కింద డ్రైవరుకి కనపడని చోటు మోటారుసైకిలు కాదు, కుటుంబం పట్టేంత ఉంటుంది. ఇప్పుడు చీమకుర్తి రాయి మోసే లారీలోనూ, కృష్ణపట్నం పోర్టు లారీలోనూ ఎంతమందికి క్లీనర్ ఉన్నాడో చూడండి. జీతం మిగిలిందని ఓనరు సంతోషం. ఎవడి కాలు పెట్టి మిగిల్చావయ్యా ఆ జీతం? కాలేజీకి పోయే పిల్ల ఎడమ పక్కన చక్రం కిందికి పోతే "చూసుకుని రావద్దా" అని ఆ పిల్లనే అంటారు. చూసుకోవాల్సింది ఎవరు? టన్నుల బరువు తిప్పేవాడా, బ్యాగు తగిలించుకుని సైకిలు తొక్కేదా? డ్రైవరుని ఒంటరిగా పంపినవాడి పేరు ఏ పంచాయితీలోనూ రాదు. సిగ్గులేదు.

కార్లలో మాత్రం క్లీనర్ ఇంకా ఉంది. ఎడమ సీట్లో కూర్చుని "ఏమండీ, బండొస్తా ఉంది" అంటుంది. "నాకు తెలుసులే, అద్దముంది" అంటాడు. పాత క్లీనర్‌కి కనీసం బేటా డబ్బులైనా ఇచ్చేవాళ్ళు.