అరవై దాటినవాళ్ళని కుర్చీకి కట్టేయమనే ఆ మెసేజ్ గురించి

ఈమధ్య ఆ మెసేజ్ రాని గ్రూపు లేదు. ఇంటర్ క్లాస్‌మేట్స్ గ్రూపులో వచ్చింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, మా పిన్ని విడిగా పంపింది. నేను ఫిజియోథెరపీ చేసి బతికేదాన్ని. నా దగ్గర ఎక్సర్‌సైజులు చేసే ఒక పెద్దాయన కొడుకు కూడా అదే పంపి, కింద ‘మేడం, మరి నాన్నగారిచేత మెట్లు ఎక్కించడం ఆపేద్దామా?’ అని అడిగాడు. ఇక ఊరుకోవడం నావల్ల కాలేదు.

‘60 దాటిన తల్లిదండ్రులున్న ప్రతి ఒక్కరూ తప్పక చదవాలి’ అని మొదలవుతుంది. పైన దణ్ణం పెట్టే చేతుల బొమ్మ, కింద పది మందికి పంపమని ఆజ్ఞ, మధ్యలో ఏడు పాయింట్లు. చూడనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. వయసుతో కండ కరగడం ప్రకృతి ధర్మం, ఎవరూ ఆపలేరు. పెద్దవాళ్ళకి పూర్తి విశ్రాంతి ఇవ్వాలి, మెట్లూ బరువులూ పనికిరావు. ప్రోటీన్ కిడ్నీలకి విషం కాబట్టి పప్పు, గుడ్డు, మాంసం మానిపించాలి. సన్నబడుతుంటే సంతోషించాలి. రోజుకి పదివేల అడుగులు నడిస్తే ఇంకేమీ అక్కర్లేదు. నీరసానికి నెలకో బలం సెలైన్, రాత్రిపూట బొడ్డులో నువ్వుల నూనె. ప్రోటీన్ పౌడర్లు మోసం. అన్నిటికీ సాక్ష్యం ‘అమెరికా డాక్టర్ల పరిశోధన’. ఏ డాక్టరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని మాత్రం అడగకూడదు.

మొదటి పాయింటులో సగం నిజం ఉంది. నడివయసు నుంచీ పదేళ్ళకి 3 నుంచి 8 శాతం దాకా కండ తగ్గుతుంది, అరవై తర్వాత ఆ వేగం పెరుగుతుంది. కండ కంటే బలం ఇంకా త్వరగా పడిపోతుంది. ‘ఎవరూ ఆపలేరు’ అన్నది మాత్రం పచ్చి అబద్ధం. అమెరికా పరిశోధనే కావాలంటే నేను చెప్తాను, పేరూ ఊరూ సంవత్సరంతో సహా. 1990లో బోస్టన్‌లో మరియా ఫియటరోన్ అనే డాక్టరు, ఆమె బృందం ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో 86 నుంచి 96 ఏళ్ళ మధ్యవాళ్ళ చేత ఎనిమిది వారాల పాటు కాళ్ళతో బరువులు ఎత్తించారు. చిన్నాచితకా బరువులు కాదు, వాళ్ళు మోయగలిగిన దాంట్లో పెద్ద భాగమే. పూర్తిచేసిన తొమ్మిది మందిలో కాళ్ళ బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ కండ 9 శాతం పెరిగింది. ఇద్దరు చేతికర్ర పక్కన పెట్టేశారు. తొంభై ఏళ్ళ వయసులో! చేయించడం ఆపేసిన నాలుగు వారాలకి ఆ బలం దాదాపు మూడో వంతు పోయింది. అది కూడా గుర్తుంచుకోవాల్సిన సంగతే. వయసుతో కండా బలమూ ఇలా కరిగిపోవడాన్ని డాక్టర్లు సార్కోపీనియా అంటారు. దానికి అమెరికా జబ్బుల జాబితాలో 2016 నుంచి సొంత కోడ్ ఉంది. మన దగ్గర ఇప్పటికీ ‘వయసైపోయింది కదండీ’ అనే ఒక్క మాటతో సరిపెడుతున్నాం.

అసలు నా కోపమంతా రెండో పాయింటు మీద. మిగతావి చదివి మర్చిపోతారు, దీన్ని మాత్రం ఆచరణలో పెడతారు, ఎందుకంటే ఇది చూడ్డానికి ప్రేమలా ఉంటుంది.

నేను వెళ్ళే ఇళ్ళల్లో చాలా వాటి కథ ఇది. పిల్లలు బాగానే స్థిరపడ్డారు, అమ్మకి డెబ్బై దాటాయి. ‘ఇన్నాళ్ళూ కష్టపడింది చాలు’ అంటారు. బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళేది, మానిపించారు. పూజకి నేల మీద కూర్చునేది, కుర్చీ వేయించారు. రైతుబజారుకి నడిచి వెళ్ళేది, ఇప్పుడు కూరలు ఫోన్‌లో చెప్తే గుమ్మంలోకి వస్తాయి. మంచం బాత్రూం పక్కకి జరిపారు. మంచినీళ్ళు కూడా కోడలే చేతికి అందిస్తుంది. వీటిలో ఏ ఒక్కదాన్నీ విడిగా తప్పు పట్టలేం. అన్నీ కలిపితే మాత్రం ఆవిడ తొడలకి రోజు మొత్తంలో పని లేకుండా పోయింది.

ఏడాది తిరిగేసరికి ఆవిడ కుర్చీలోంచి లేచే తీరు చూడండి. ముందు సీటు అంచుకి జరుగుతుంది. రెండు అరచేతులూ కుర్చీ చేతుల మీద నొక్కిపెడుతుంది. ఒకసారి ముందుకీ వెనక్కీ ఊగుతుంది, ‘రామా’ అంటుంది, లేస్తుంది. లేచాక రెండు క్షణాలు అలాగే ఆగి, పట్టుకోవడానికి గోడ ఎంత దూరంలో ఉందో చూసుకుని అప్పుడు అడుగు వేస్తుంది. ఇంట్లోవాళ్ళు దాన్ని మోకాళ్ళ నొప్పి అనుకుంటారు. లేపిన పని చేతులు చేశాయని, తొడలు చేయలేదని ఎవరూ గమనించరు. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, లేదా అంతకంటే ఎక్కువ పడితే సార్కోపీనియా ఉందేమో అని అనుమానించమని ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో చెప్పింది. పిడికిలి పట్టు మగవాళ్ళలో 28 కిలోల కంటే, ఆడవాళ్ళలో 18 కిలోల కంటే తక్కువున్నా అంతే. పట్టు కొలిచే మీటరు ఇంట్లో ఉండదు, కుర్చీ ఉంటుంది. పక్కన ఒక మనిషి నిలబడి ఈ పూటే చూడొచ్చు.

ఇక ‘పూర్తి విశ్రాంతి’. 2007లో అచ్చైన ఒక అమెరికా అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళని పది రోజులు మంచం మీదే ఉంచారు. జబ్బు లేదు, జ్వరం లేదు, తిండి సరిగ్గానే పెట్టారు. పది రోజుల్లో రెండు కాళ్ళలో కలిపి దాదాపు కిలో కండ పోయింది. ఇప్పుడు మన ఇంట్లో వైరల్ జ్వరం వచ్చిన డెబ్బై ఐదేళ్ళ మనిషిని ఊహించుకోండి. నోరు చేదు, తిండి జావ మాత్రమే, జ్వరం తగ్గినా ‘ఇంకో పది రోజులు పడుకో నాన్నా’ అంటారు. తర్వాత ‘ఆ జ్వరంతో మనిషి పడిపోయాడండీ’ అంటారు. జ్వరం మూడు రోజుల్లో పోయింది. పడగొట్టింది మంచం.

మెట్లు వద్దనడానికి ఆ మెసేజ్ చెప్పే కారణం ఇంకోటి: మోకాలు బండి టైరులాంటిదట, తిరిగేకొద్దీ అరుగుతుందట. ఈ పోలిక కనిపెట్టిన మహానుభావుడికి టైరుకి ప్రాణం ఉండదని ఎవరైనా చెప్పండి. మోకాలికి వాడకమే పోషణ. తొడ కండ బలహీనపడితే ఆ బరువంతా కీలు మీద పడుతుంది. ‘గుజ్జు అరిగింది’ అని ఎక్స్‌రే చూపించేవాళ్ళకి కూడా ప్రపంచంలో ఏ పెద్ద మార్గదర్శకం తీసినా మొదటి వరుసలో ఉండే వైద్యం వ్యాయామమే. ఆపరేషన్ చేసే సర్జన్ కూడా ముందు తొడకి బలం తెచ్చుకుని రమ్మంటాడు. మెసేజ్ రాసినాయనకి మాత్రం అది వద్దు.

ఏం చేయించాలని అడుగుతారు కాబట్టి ఒక్కటి చెప్తాను. చక్రాలు లేని గట్టి కుర్చీ గోడకి ఆనించండి. సీటు మీద దిండు వేస్తే ఎత్తు పెరిగి మొదట్లో తేలికవుతుంది. పాదాలు నేలకి ఆనించి, ఒళ్ళు కొంచెం ముందుకి వంచి లేవాలి. కూర్చునేటప్పుడు దభీమని కూలబడకుండా మనసులో మూడు లెక్కపెట్టుకుంటూ దిగాలి. చాలామంది వదిలేసేది ఈ దిగడమే, సగం లాభం అందులోనే ఉంది. ఊపిరి బిగబట్టకూడదు. ఐదుతో మొదలుపెట్టి పదికి వచ్చాక దిండు తీసేయండి. అదీ తేలికైతే కిలో కందిపప్పు ప్యాకెట్ గుండెకి హత్తుకుని లేవమనండి. తేలిగ్గా ఉన్నదాన్ని ఏడాది పొడవునా అలాగే చేస్తూ పోతే కండకి కబురే అందదు. వారానికి రెండు మూడు రోజులు చాలు. ఈమధ్య గుండెపోటు వచ్చినవాళ్ళు, బీపీ అదుపులో లేనివాళ్ళు, తల తిరిగేవాళ్ళు ముందు డాక్టరుని అడగాలి.

మూడోది, ప్రోటీన్ విషం. ఈ పాయింటు దగ్గర నేను కాస్త తగ్గుతాను. మన దగ్గర కిడ్నీ భయం ఊరికే పుట్టింది కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఊళ్ళకి ఊళ్ళు ఈ జబ్బుతో ఎంత నలిగాయో తెలిసినవాళ్ళెవరూ, కిడ్నీ దెబ్బతింటే రక్తపరీక్షలో పెరిగే ఆ క్రియాటినిన్ అనే మాటని తేలిగ్గా తీసుకోరు. షుగరు, బీపీ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ భయం ఉంది. కిడ్నీ జబ్బు ముదిరి ఇంకా డయాలసిస్‌కి రానివాళ్ళకి ప్రోటీన్ తగ్గించమని డాక్టర్లే చెప్తారు, అది వినాలి. డయాలసిస్ మొదలయ్యాక మళ్ళీ ఎక్కువ తినమంటారు, అదీ వినాలి. కానీ కిడ్నీలు బాగున్న మనిషికి రెండు గుడ్లు, గిన్నెడు పప్పు తినిపిస్తే అవి పాడైపోతాయన్నది ఎక్కడా లేదు.

పెద్దవాళ్ళ రోజు తిండి ఒకసారి కాగితం మీద రాయండి. పొద్దున మూడు ఇడ్లీ, కొబ్బరి చట్నీ. మధ్యాహ్నం చారన్నం, ఊరగాయ, పల్చటి మజ్జిగ. పప్పు అరగదంటారు, వేయించుకోరు. రాత్రి ఉపవాసమో, ఉప్మానో. మధ్యలో రెండు కాఫీలు. మొత్తం కలిపి ముప్పై గ్రాముల ప్రోటీన్ దాటితే గొప్ప. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దలకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు కావాలి. వయసు మళ్ళినవాళ్ళకి 1 నుంచి 1.2 గ్రాములు అవసరమని వృద్ధుల పోషణ చూసే నిపుణులు అంటున్నారు. అంటే అరవై కిలోల మనిషికి అరవై గ్రాముల పైమాట. గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఆరు, గుప్పెడు వేరుశెనగల్లో ఏడు, వంద గ్రాముల కోడికూర ముక్కల్లో పాతిక, ఎండు మీల్‌మేకర్ ముప్పై గ్రాములు నానబెడితే పదిహేను. అసలే సగానికి సగం తింటున్నవాళ్ళని ఇంకా మానేయమంటున్నారు! ఇంకో సంగతి, చాలామంది మెత్తటి అన్నం మీదే బతకడానికి కారణం కడుపు కాదు, వదులైపోయిన కట్టుడు పళ్ళు. ముందు వాటి సంగతి చూడండి.

ఆ క్రియాటినిన్ గురించి ఇంకొక్క మాట. అది కండ నుంచే వస్తుంది. కండ కరిగినవాళ్ళలో కిడ్నీ కొంత దెబ్బతిన్నా రిపోర్టులో అంకె బాగానే కనిపించొచ్చు. ‘నాన్నకి 0.7 మేడం, కిడ్నీలు సూపర్’ అని బక్కచిక్కిన మనిషి గురించి చెప్పినప్పుడు నాకు పెద్దగా సంతోషం కలగదు. అనుమానముంటే సిస్టాటిన్ సి అనే పరీక్ష ఉంది, డాక్టరుని అడగండి.

నాలుగోది, సన్నబడితే సంతోషించాలట. డైటింగ్ ఏమీ చేయకుండా డెబ్బై ఏళ్ళ మనిషి ఆరు నెలల్లోనో, ఏడాదిలోనో బరువులో ఐదు శాతం తగ్గితే స్వీట్లు పంచుకోరు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు. షుగరు అదుపు తప్పి ఉండొచ్చు, థైరాయిడ్ కావచ్చు, క్యాన్సర్ కూడా కావచ్చు. పైగా త్రాసు ఒక్కటీ చూస్తే మోసపోతాం. పొట్ట ముందుకొచ్చి కాళ్ళు పుల్లల్లా ఉన్నవాళ్ళకి బరువు మారకుండానే కండ పోయి ఆ చోట కొవ్వు చేరుతుంది.

ఐదోది, పదివేల అడుగులు. రెండో పాయింటులో కదలొద్దన్న మనిషే ఐదోదానికి వచ్చేసరికి ఇంత నడవమంటున్నాడు. మధ్యలో టీ తాగి వచ్చాడేమో. ఆ అంకె 1960ల్లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక పెడోమీటర్ అమ్మకాల ప్రచారంలో పుట్టింది. నడక గుండెకి మంచిది, షుగరుకి మంచిది, మానకండి. చదునైన పార్కులో నడిస్తే మాత్రం తొడ కండ పెద్దగా పెరగదు.

ఆరోది, బలం సెలైన్. ఐదు శాతం డెక్స్‌ట్రోజ్ ఉన్న అర లీటరు బాటిల్‌లో పాతిక గ్రాముల గ్లూకోజు ఉంటుంది. ఐదారు చెంచాల పంచదార. దానికి సూది, మంచం, ఫీజు. విటమిన్ డి, బీ12 తక్కువని పరీక్షలో తేలితే వేసుకోవాలి, అదీ డాక్టరు చెప్పినన్నాళ్ళు. అరవై వేల యూనిట్ల విటమిన్ డి సాచెట్‌ని వారం వారం ఏళ్ళ తరబడి మింగేవాళ్ళున్నారు. అతిగా వేసుకుంటే విషమవుతుంది. పెద్ద పెద్ద మోతాదులు ఇచ్చిన కొన్ని అధ్యయనాల్లో పెద్దవాళ్ళు పడిపోవడం తగ్గలేదు సరికదా, పెరిగింది. బొడ్డులో నూనె గురించి నేనేం మాట్లాడను. దుప్పటికి మరకలవుతాయి, అంతే.

ఏడోది, ప్రోటీన్ పౌడర్లు మోసం. ఆశ్చర్యంగా ఉంటుందేమో, ఇందులో నాకు పెద్ద పేచీ లేదు. ‘మోసం’ అనను గానీ, పెన్షన్ డబ్బుల్లోంచి నెలనెలా డబ్బా కొనాల్సిన అవసరం చాలామందికి లేదు. తార్నాక సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో కూడా కండ కోసం ఈ పౌడర్ల జోలికి వెళ్ళొద్దని చెప్పింది. ఫియటరోన్ బృందమే 1994లో సగటున 87 ఏళ్ళున్న వంద మంది మీద ఇంకో అధ్యయనం చేసింది. పోషక పానీయం మాత్రమే తాగినవాళ్ళకి బలం పెరగలేదు, వ్యాయామం చేసినవాళ్ళకి పెరిగింది. ఆపరేషన్ తర్వాత తినలేకపోతున్నవాళ్ళకి, నమలలేనివాళ్ళకి డాక్టరో డైటీషియనో రాసిస్తే వాడండి, అది వేరే సంగతి. మిగతావాళ్ళు ఆ డబ్బుతో గుడ్లు, పాలు, పప్పులు కొనుక్కోవచ్చు. ఈ ఒక్క పాయింటు విడిగా పంపండి, మా పిన్నికి నేనే ఫార్వర్డ్ చేస్తాను.