నొప్పి ఎలా మొదలైందని ఒక్కరూ అడగలేదు

క్యాజువాలిటీలో మా అక్కకి రాసిచ్చిన చీటీ ఇంకా నా దగ్గరే ఉంది. "తలనొప్పి, వాంతులు. మైగ్రేన్." కింద ఒక ఇంజెక్షన్, రెండు రకాల మాత్రలు. నొప్పి ఎప్పుడు, ఎలా మొదలైందో అందులో ఎక్కడా లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి లేదు.

అడిగితే చెప్పేది. జడ వేసుకుంటుంటే తల మీద సుత్తితో కొట్టినట్టు ఒక్కసారిగా వచ్చిందని, మెడ వంగట్లేదని దారిలో నాకు చెప్పింది. ఇంజెక్షన్‌తో నొప్పి తగ్గింది, ఇంటికి పంపేశారు. మూడో రోజు బాత్‌రూమ్‌లో పడిపోయింది. అప్పుడు తీశారు స్కాన్. మెదడు చుట్టూ రక్తం. నాళం మీద ఉబ్బు, అదే ఎన్యూరిజం, చిట్లింది. బతికింది గానీ నా పేరు పలకడానికి ఇప్పటికీ తడుముకుంటుంది.

ప్రతి తలనొప్పికీ స్కాన్ తీయమని నేననను. డాక్టర్లూ మనుషులే, పొరపాటు పడ్డ ప్రతిసారీ అది నిర్లక్ష్యం కాదు. కానీ నిమిషంలోపే పతాక స్థాయికి చేరే నొప్పి వేరు. మొదలైన 6 గంటల్లోపు మంచి యంత్రం మీద సీటీ తీసి, చూడటం వచ్చిన రేడియాలజిస్టు చూస్తే ఈ రక్తస్రావం దాదాపు తప్పించుకోదు. రోజులు గడిచేకొద్దీ సీటీలో కనబడటం తగ్గిపోతుంది, అప్పుడు వెన్ను నీరు తీసి చూడాలి. మందుకి నొప్పి తగ్గినంత మాత్రాన రక్తస్రావం లేదని కాదు. ఇవేవీ కొత్త సంగతులు కావు.

"తోటి డాక్టర్లు కూడా ఇలాగే చేసేవారు" అన్న వాదనకి ఇంగ్లండులో వైద్య నిర్లక్ష్యం మీద వచ్చిన 1957 నాటి బోలమ్ కేసు అండ. 1997లో బోలిథో కేసులో అక్కడి అత్యున్నత న్యాయస్థానమే ఆ తోటి డాక్టర్ల అభిప్రాయం తర్కానికి నిలబడాలంది. అరనిమిషం పట్టే ప్రశ్న అడగకపోవడం ఏ తర్కానికి నిలుస్తుంది?

నాకు ఒళ్లు మండే వాదన ఇంకోటుంది: "ముందే తెలిసినా ఏం మారేది?" మారేది! మళ్లీ చిట్లే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. ఆ ఉబ్బు మొదట్లో క్లిప్ పెట్టడం, లేదా దాని లోపల సన్నటి తీగచుట్ట (కాయిల్) వేయడం ఉన్నది ఆ రెండో దెబ్బని ఆపడానికే. అక్క మాట పోయింది మూడో రోజు పడిన ఆ రెండో దెబ్బకే.

బాధ్యత ఆ డ్యూటీ డాక్టర్ ఒక్కడిదే అంటే ఒప్పుకోను. రాత్రంతా ఒక్కణ్ణే కూర్చోబెట్టిన ఆసుపత్రిదీ అంతే బాధ్యత. ఆయన మీద నాకు పగ లేదు. చీటీ మీద "నొప్పి ఎలా మొదలైంది?" అని అచ్చేసిన గడి ఒకటుంటే, ఆ రాత్రి ఆయనే అడిగేవాడేమో.