480 గజాలని గొప్పగా పెట్టావు, జింక ఫోటో ఏది?

మన వేట గ్రూపులో ఆదివారం రాత్రి ఒక ఫోటో పడింది. దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ తెర మీద 480 అంకె. కింద "ఫస్ట్ డీర్! 480 యార్డ్స్!!" అని రాత. చప్పట్ల బొమ్మలు, "కింగ్ తమ్ముడూ" అని మెసేజ్‌లు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఆ ఫోటోలో జింక ఏదని ఒక్కరూ అడగలేదు. ఎందుకు లేదో నాకు తెలుసు. దాన్ని వెతికింది నేను.

శనివారం సాయంత్రం, టెక్సస్‌లో లానో కౌంటీ, వేట కోసం మేం నలుగురం కలిసి లీజుకి తీసుకున్న పొలం. ఆ ఫోటో పెట్టిన తమ్ముడు కూర్చున్న బ్లైండ్‌కి, అంటే జింకలకి కనబడకుండా కూర్చునే గూటికి, ఫీడర్ (మేత రాల్చే డబ్బా) 110 గజాల దూరంలో ఉంది. జింకలు అక్కడికే వస్తాయి, ఓపిక పట్టు అని చెప్పి మరీ కూర్చోబెట్టాను. పొద్దుగూకే వేళకి వాగు అవతలి గట్టు మీద ఒక లేడి కనబడిందట. కాల్చేశాడు. వెంటనే ఫోన్. "అన్నా, తగిలింది, గ్యారంటీగా తగిలింది. కానీ పరిగెత్తింది."

తగిలిన మాట నిజమే. టార్చిలైట్లు వేసుకుని రాళ్ళ మీద, నాగజెముడు పొదల మధ్య గంటన్నర తిరిగితే దొరికినవి నాలుగు రక్తపు చుక్కలు. ఆ తర్వాత కంచె వచ్చింది. అవతల పొలం వేరేవాళ్ళది, అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. రాత్రి పదింటికి ఆ పెద్దాయనకి ఫోన్ చేసి, క్షమాపణ చెప్పి, పొద్దున్నే వస్తామని బతిమాలుకున్నాం. రాత్రంతా కయోటీలు, నక్కల్లాంటివి, అరుస్తూనే ఉన్నాయి. పొద్దున ఓక్ చెట్టు కింద దొరికింది. వెనక భాగమంతా తినేశాయి. మిగిలిన దాన్ని నేనే విప్పి చూశాను. లోపలికి వెళ్ళిన రంధ్రం పెన్సిలంత. బయటికి వచ్చిన రంధ్రమూ పెన్సిలంతే. ఊపిరితిత్తుల వెనకగా, కాలేయం గుండా నేరుగా దూసుకుపోయింది. చుట్టూ కండ చెదరనే లేదు. ఆ లేడి అక్కడ పడుకుని ఎన్ని గంటలు బతికిందో తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు.

జేబులోంచి డబ్బా తియ్యమన్నాను. .308 రకం తూటా, 168 గ్రెయిన్ల బరువున్న మ్యాచ్ బుల్లెట్. పోటీల్లో కాగితం మీద కాల్చేది.

"హాలో పాయింట్ అని రాసి ఉంది కదన్నా, విచ్చుకోవాలి కదా" అన్నాడు. అదే నా బాధ. ఆ కొసన కనబడే సూదిమొనంత రంధ్రం విచ్చుకోవడానికి పెట్టింది కాదు. బుల్లెట్ అడుగుభాగం తేడా లేకుండా ఒకేలా రావాలని రాగి తొడుగుని కింద నుంచి పైకి లాగి మూస్తారు. అలా మూస్తే కొసన మిగిలిపోయే సందు అది. గురి కోసం చేసిన పని. జింకను తగిలినప్పుడు ఒకసారి ముక్కలైపోతుంది, ఒకసారి సూదిలా దూరిపోతుంది. ఏది జరుగుతుందో కాల్చేవాడి చేతిలో లేదు. వేటకి వాడొద్దని తయారుచేసేవాళ్ళే చెబుతారు. ఇంత సంగతి తమ్ముడికి ఎవరూ చెప్పలేదు. షాపు కౌంటర్ దగ్గర "అన్నిటికంటే కరెక్టుగా తగిలేది ఇదే" అన్నారట, కొనేశాడు.

ఇంకో మాట కూడా అన్నాడు, అది విని నాకు ఒళ్ళు మండింది. "480 దగ్గర కూడా 1200 ఫుట్‌పౌండ్ల శక్తి ఉంటుందన్నా, జింకకి వెయ్యి చాలు కదా." ఈ వెయ్యి లెక్క పట్టుకుని ఎంతమంది ఎన్ని జింకలను గాయపరిచి వదిలేస్తున్నారో! జింకను చంపేది ఆ అంకె కాదు. బుల్లెట్ లోపల పుట్టగొడుగులా విచ్చుకుని ఊపిరితిత్తులని చీల్చాలి. అలా విచ్చుకోవాలంటే దానికి తగ్గ వేగం ఉండాలి, విచ్చుకునేలా తయారై ఉండాలి. విచ్చుకోని బుల్లెట్ ఆ శక్తినంతా వెంటబెట్టుకుని అవతలి మట్టిలోకి పోతుంది. జింకకి మిగిలేది పెన్సిల్ రంధ్రం.

ఆ తుపాకీ గొట్టం దగ్గర ఆ బుల్లెట్ వేగం సెకనుకు సుమారు 2650 అడుగులు. 480 గజాలకి చేరేసరికి 1800 దగ్గరికి పడిపోతుంది. కొసన మెత్తటి సీసం ఉండే మామూలు సాఫ్ట్ పాయింట్లు చాలావాటికి విచ్చుకోవడానికి అదే ఆఖరి గీత. రాగి బుల్లెట్లయితే చాలావరకు 2000 దగ్గరే మొండికేస్తాయి. గంటకి పది మైళ్ళ అడ్డగాలి ఆ దూరంలో దాన్ని ఇరవై అంగుళాల దాకా పక్కకి నెడుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు కలిపి ఎనిమిది, పది అంగుళాల చోటు. శనివారం గాలి ఎటు వీస్తోందని అడిగితే తమ్ముడు చూడలేదన్నాడు. బుల్లెట్ అంతదూరం వెళ్ళడానికి అర సెకను పైనే పడుతుంది. ఆ అర సెకనులో జింక ఒక అడుగు ముందుకేసినా తగలాల్సిన చోట తగలదు, పేగుల్లో తగులుతుంది. ట్రిగ్గర్ నొక్కాక మన చేతిలో ఏముంది?

దూరమే కాదు, దగ్గర కూడా ఇంతే. 2014లో నా చేతుల్లోనే జరిగింది. .300 విన్ మ్యాగ్ అనే బలమైన తూటా, 150 గ్రెయిన్ల పల్చటి బుల్లెట్, జింక 30 గజాల దూరం. సెకనుకు 3200 అడుగుల పైన వేగంతో జబ్బ ఎముకకి తగిలి అక్కడే పేలిపోయింది. పైన అరచేయంత గుంట, లోపల ఊపిరితిత్తులకి ఏమీ కాలేదు. ఆ జింక మూడు కాళ్ళతో లేచి నిలబడి నావైపు చూసింది. రెండోసారి కాల్చాను. ఆ చూపు నేను మర్చిపోలేదు, మర్చిపోను. అందుకే అప్పటి నుంచి బుల్లెట్ గురించి దొరికిందల్లా చదివాను. జాన్ నాస్లర్ అనే ఆయన 1946లో కెనడాలో మూస్ (జింక జాతిలో అన్నిటికంటే పెద్దది) వేటకి వెళ్తే, ఆయన బుల్లెట్లు కూడా ఇలాగే పైపైనే చితికిపోయి లోపలికి దిగలేదట. ఇంటికొచ్చి, మధ్యలో అడ్డుగోడ ఉన్న బుల్లెట్ తయారుచేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం గట్టిగా ఉండి లోపలికి తోసుకుపోతుంది. 1948 నుంచి అమ్ముతున్నారు. డెబ్బై ఏళ్ళు దాటింది. పరిష్కారం షాపులో అరల మీదే ఉంది, అడిగి తీసుకునేవాడు లేడు.

మా పక్క పొలం పెద్దాయన, రాత్రి పదింటికి మేం నిద్రలేపిన ఆయన, ఇప్పటికీ .30-30 వాడతాడు. 1895 నాటి తూటా. 200 గజాలకే దాని వేగం సెకనుకు 1700 అడుగుల దగ్గరికి వచ్చేస్తుంది. మనవాళ్ళు దాన్ని చూసి ముసలి తుపాకీ అంటారు. కానీ ఆ బుల్లెట్ కొసన సీసం మెత్తగా బయటికి ఉంటుంది, ఆ కొద్ది వేగానికే విచ్చుకునేలా చేశారు. ఆయన నూట యాభై గజాలు దాటితే తుపాకీ ఎత్తడు. ఆయన కొట్టిన జింక యాభై అరవై గజాల్లో పడిపోవడం నా కళ్ళతో చూశాను. ఆదివారం పొద్దున మా లేడిని చూసి ఆయన ఏమీ అనలేదు. తల తిప్పుకున్నాడు. తిట్టినా బాగుండేది.

అసలు ఇదంతా ఎక్కడ మొదలైందో చెబుతాను, ఎవరికి కోపం వచ్చినా సరే. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనాలంటే హంటింగ్ లైసెన్స్ ఉండాలి. చట్టంలో ఉన్న వెసులుబాటు అది. దాన్ని మనవాళ్ళు ఏం చేశారు? తుపాకీ కోసం లైసెన్స్ తీసుకుంటారు, లైసెన్స్ కోసం ఆన్‌లైన్ క్లాస్ ఒక రాత్రి కూర్చుని క్లిక్ చేసుకుంటూ పోతారు. జింక లోపల గుండె ఎక్కడుందో అందులో బొమ్మ వేసి మరీ చూపిస్తారు, ఆగి చూసినవాళ్ళెంతమంది? ఆరేళ్ళుగా అడుగుతున్నాను, సీజన్ ముందు ఒక్క ఆదివారం కాల్పులు సాధన చేసే రేంజ్‌కి రండి, తుపాకీలు జీరో చేసుకుందాం, అంటే గురి సరిచేసుకుందాం, బుల్లెట్లు కోసి చూపిస్తాను అని. పోయిన అక్టోబరులో నాతో వచ్చింది ఇద్దరు. అదే రోజు సాయంత్రం బిర్యానీ పార్టీకి ముప్ఫై మంది వచ్చారు. స్కోప్‌ల ధరల గురించి అర్ధరాత్రి దాకా మాట్లాడారు. రెండువేల డాలర్ల స్కోప్ ఉంటే 480 దగ్గర జింక స్పష్టంగా కనబడుతుంది, నిజమే. కనబడినంత మాత్రాన కాల్చాలా?

మా అమ్మ అచ్చంపేట నుంచి ఫోన్ చేసినప్పుడల్లా అంటుంది, "పాపం కదరా, అది నిన్నేం చేసింది" అని. పదేళ్ళుగా నాది ఒకటే జవాబు. "అమ్మా, దానికి తెలిసేలోపే అయిపోతుంది. మన దగ్గర చేల చుట్టూ కరెంటు తీగలు పెట్టి చంపుతారే, అలా కాదు." ఆ మాట నేను నమ్మి చెప్పేవాణ్ణి. నమ్మకం నిలబెట్టుకోవడానికి ఎన్నో సాయంత్రాలు కాల్చకుండా ఖాళీ చేతులతో ఇంటికొచ్చాను. ఈ ఆదివారం కూడా అమ్మ ఫోన్ చేసింది. వేట ఎలా జరిగిందని అడిగింది. ఏం చెప్పాలో తెలియక, తర్వాత చేస్తానని పెట్టేశాను. ఇంకా చెయ్యలేదు.

తమ్ముడూ, నువ్వు చెడ్డవాడివి కావు. ఆ చెట్టు కింద నీ కళ్ళల్లోనూ నీళ్ళు చూశాను. మరి సాయంత్రానికి ఆ ఫోటో ఎలా పెట్టగలిగావు? అదే నాకు అర్థం కావడం లేదు. ముందు ఆ ఫోటో తియ్యి. చప్పట్లు కొట్టినవాళ్ళకి జింక ఏమైందో నువ్వే చెప్పు. డబ్బాలో మిగిలినవి కాగితం మీద కాల్చుకో, అందుకే చేశారు వాటిని. 150 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్లు రెండు డబ్బాలు నేను కొని పెట్టాను. శనివారం పొద్దున ఏడింటికి రేంజ్‌కి రా, 100 గజాల దగ్గర రెండు అంగుళాలు పైకి జీరో చేద్దాం. పేపర్ ప్లేటులో వరుసగా పది పడేదాకా కాలుస్తావు, ఎంత దూరం నుంచి పడతాయో అదే నీ దూరం. అప్పటిదాకా లీజు గేటు తాళం నంబరు మార్చాను.