కొలతల పాఠం వెంటనే రద్దు చేయాలి

ఒకటో తరగతి లెక్కల పుస్తకంలోంచి కొలతల పాఠాన్ని తక్షణం తీసేయించాలని విద్యాశాఖ వారికి సవినయంగా మనవి చేసుకుంటున్నాను. కూడికలు ఉంచండి, తీసివేతలు ఉంచండి, ఎక్కాలైతే తెల్లవార్లూ చెప్పించండి. కొలతలు మాత్రం వద్దు. ఆరేళ్ళ పిల్లల చేతికి స్కేలిచ్చి ఊరి మీదికి వదిలితే వ్యాపార వాణిజ్యాలు ఏమైపోతాయో ఎవరూ ఆలోచించినట్టు లేదు. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ చదువుల కార్యక్రమం నిపుణ్ భారత్ అయితే 2026-27 కల్లా మూడో తరగతి దాటే ప్రతి పిల్లకూ లెక్కల పునాది గట్టిపడాలంటోంది. అంటే ముప్పు దగ్గరపడిందన్నమాట.

పాఠం మొదట్లో అమాయకంగానే ఉంటుంది. బెంచీని జానలతో కొలవమంటారు. పిల్లవాడికి తొమ్మిది జానలొస్తాయి, టీచరుకు ఆరే వస్తాయి. తప్పెవరిది? ఎవరిదీ కాదు, చేతులు వేరు, కాబట్టి అందరికీ ఒకే కొలత ఉండాలని టీచరు తేలుస్తుంది. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కిన పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని సాయంత్రం గుడికి వెళ్ళి చూడండి.

గుడి ముందు పూలావిడ మల్లెదండ కొసను వేళ్ళ మధ్య పట్టుకుని మోచేతి దాకా లాగుతుంది. మోచెయ్యి ఇంకా రెండంగుళాలు ఉందనగానే దండ చటుక్కున వెనక్కి తిరుగుతుంది. అది మూర. "ఇంకొంచెం వెయ్యమ్మా" అని మనవాళ్ళు అడగడం, ఆవిడ విసుక్కుంటూనే నాలుగు పూలు ఎక్కువ తెంపడం, గెలిచింది తామేనని ఇద్దరూ అనుకోవడం ఎప్పట్నుంచో నడుస్తున్న పద్ధతి. అందులోకి వీడు పదిహేను సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలుతో దూరి, "అక్కా, నీ మూర చిన్నది, మా నానమ్మది పెద్దది" అంటే ఆవిడేం కావాలి? 2009 నాటి తూనికలు కొలతల చట్టం ప్రకారం మూరల లెక్కన అమ్మడమే కుదరదని వాడి చెవిన వేయకండి. మల్లెపూలు మీటరెంత అని అడుగుతాడు.

బయటి సంగతి సరే, ఇంట్లో గుట్టు ఏం కావాలి? మెట్రిక్ కొలతలకు దేశంలో 1956లోనే చట్టమైంది. పై తరగతుల పుస్తకాల్లోనూ మీటర్లూ కిలోలే. నాన్న ప్లాటు గజాల్లో, తాత పొలం ఎకరాల్లో, అమ్మ గొలుసు తులాల్లో ఉన్నాయి. తులమంటే పూర్వం 11.66 గ్రాములు, ఇప్పుడు కొట్లో 10 గ్రాములు. తులం ఎప్పుడు చిక్కిపోయిందని అడిగితే ఏ తల్లి చెప్పగలదు? గోడ మీది 43 అంగుళాల టీవీని అడ్డంగా టేపు పెట్టి కొలిస్తే ముప్పై ఏడున్నరే వస్తుంది. టీవీని మూల నుంచి మూలకు కొలవాలిరా అని ఎలాగో సర్దిచెప్పొచ్చు. ఫ్లాటుకేం సర్దిచెబుతాం? నాలుగో తరగతి అక్కను తోడు తెచ్చుకుని గదిగదికీ టేపు పరిచి, పన్నెండొందల అడుగుల ఇంట్లో తొమ్మిదొందలే దొరికాయని తేలుస్తాడు. మిగతావి మెట్ల మీద, లిఫ్టులో, వాచ్‌మన్ గదిలో ఉన్నాయని చెప్పాలి. "అయితే మెట్ల మీద పడుకోవచ్చా నాన్నా?" అంటాడు. కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల నిజంగా వాడుకునే చోటు, ఎంతో బిల్డర్లు చెప్పి తీరాలన్న 2016 నాటి రెరా చట్టం గురించి తెలిసిన తండ్రి కూడా ఆ క్షణంలో ఫోను చూసుకోవాల్సిందే.

ఈ విషయంలో ప్రకృతే మనకు కొంత గడువిచ్చింది. వెడల్పు గ్లాసులో నీళ్ళను కళ్ళెదుటే సన్నటి పొడుగు గ్లాసులోకి వంచితే చిన్నపిల్లలు నీళ్ళు పెరిగాయంటారని స్విట్జర్లాండ్‌కు చెందిన మనస్తత్వవేత్త జాన్ పియాజే గమనించాడు. ఏడేళ్ళ ప్రాంతంలో ఆ భ్రమ పోతుందని కూడా అన్నాడు. పాపం, ఆయన మన జ్యూస్ సెంటర్లకు రాలేదు. అడుగుభాగం మందం, నడుము సన్నం, సగం ఐసు ఉన్న గ్లాసుకు ఎనభై రూపాయలిచ్చి "నిండుగా పోశాడు" అని మెచ్చుకునే నలభై ఏళ్ళవాళ్ళను చూసి ఉంటే సిద్ధాంతం తిరగరాసేవాడు.

పాఠం తీసేయడం కుదరదంటే కనీసం బొమ్మలైనా మార్చకండి. బరువైనది ఏనుగు, తేలికైనది చీమ. ఏ బడిలోనూ ఏనుగుండదు కనుక ఎవరూ తూచి చూడరు, ఎవరికీ ఇబ్బంది లేదు. అలా ఉండనివ్వక కొందరు ఉత్సాహవంతులైన టీచర్లు బట్టల హ్యాంగరుకు రెండు కొబ్బరిచిప్పలు వేలాడదీసి, పెన్సిలు బరువా, రబ్బరు బరువా అని పిల్లల చేతే తూయిస్తున్నారు. చేతిలో త్రాసున్న పిల్ల రబ్బరుతో ఆగుతుందా? తర్వాత చూపు పోయేది వీపు మీది సంచి మీదికే. సంచి బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదని 2020లో కేంద్రం స్కూలు బ్యాగు విధానంలో చెప్పింది. ఇరవై కిలోల పిల్లకు రెండు కిలోలు. లీటరు నీళ్ళసీసాకే ఒక కిలో పోయింది. టిఫిన్ బాక్సు ఉంది, డైరీ ఉంది, వర్క్‌బుక్కులున్నాయి. మిగిలిన కిలోలో ఏది పడుతుందో, ఏది ఇంట్లో వదిలేయాలో తేల్చమని మాత్రం ఏ టీచరూ హోంవర్కు ఇవ్వొద్దని నా ప్రార్థన. ఇస్తే ఆ నోటుపుస్తకం కూడా సంచిలోనే మోసుకురావాలి.