సవరణ: మా బాపమ్మ గురించి రాసినదాంట్లో తప్పులు

మొన్న బాపమ్మ సంవత్సరీకం నాడు పెట్టిన పోస్టులో, ఆమె సూర్యాపేట జిల్లాలో స్టాఫ్ నర్సుగా చేసిందనీ, పల్స్ పోలియోలో పిల్లలకు ఇంజెక్షన్లు ఇచ్చిందనీ రాశాను. ఒక్క వాక్యంలో మూడు తప్పులు. తెల్లారేసరికి మేనత్త ఫోన్: "అవి సూదులు కాదురా, చుక్కలు! చదువుకున్నోనివి, గింత తెల్వదా?"

నిజమే. 1995లో మొదలైన పల్స్ పోలియోలో నోట్లో వేసేది రెండు చుక్కలు. వేసినట్టు గుర్తుగా చిటికెన వేలి గోరు మీద మార్కర్‌తో గీత పెట్టేవాళ్లు. సూదుల ముచ్చట అంతకుముందుది. గాజు సిరంజీలను గిన్నెలో కళపెళ మరిగించి, పట్టకారుతో ఒక్కొక్కటే తీసి తెల్లగుడ్డ మీద పరిచేది. ఆ పట్టకారు ఇంకా మా వంటింట్లోనే ఉంది. అప్పడాలు కాలుస్తున్నాం, ఆమె చూస్తే తిట్టేది.

ఆమె ఏఎన్ఎం, అంటే ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్. స్టాఫ్ నర్సు డ్యూటీ ఆస్పత్రి వార్డులో. ఏఎన్ఎం డ్యూటీ సబ్‌సెంటర్‌లో (ఊళ్లో ఉండే చిన్న ఆరోగ్య కేంద్రం), అక్కడి నుంచి ఊళ్ల వెంట, ఇంటింటికీ. బాపమ్మ చెప్పులు ఏడాది కూడా ఆగకపోయేది అందుకే.

ఇక జిల్లా. సూర్యాపేట జిల్లా అయింది 2016 అక్టోబరులో. ఆమె రిటైరైంది అంతకు చాలా ముందు, కాబట్టి సర్వీసంతా నల్లగొండ జిల్లా కిందికే వస్తుంది.

ఇంకొకటి. ఐదుగురు పిల్లల్ని పెంచిందని రాశాను. ఆరుగురు. చనిపోయిన చెల్లెలి బిడ్డను లెక్కలో మరిచాను. పొద్దున్నే ఫోన్ చేసిన మేనత్త ఆ బిడ్డే.