అధ్యక్షులవారి టిఫిన్ చెడకూడదు

అమెరికా విదేశాంగ విధానం మీద రాసే మేధావులు విదేశాంగ శాఖ పత్రాలు చదువుతారు, పెంటగాన్ బడ్జెట్లు తిరగేస్తారు, ఐక్యరాజ్యసమితి తీర్మానాలు ముందేసుకుంటారు. వైట్‌హౌస్ వంటింట్లోకి తొంగిచూసిన పాపాన మాత్రం పోరు. ఆ దేశపు విదేశాంగ విధానం ఉడికేది అక్కడే. ఈ మాట ఊరికే అనడం లేదు, ఆధారాలున్నాయి. వాటిలో కొన్ని అధ్యక్షులవార్లే నోరారా ఇచ్చినవి.

1983 అక్టోబర్ 25న అప్పటి అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ గ్రెనడా అనే కరీబియన్ ద్వీపం మీదికి సైన్యాన్ని పంపారు. జనాభా సుమారు లక్ష, మన లెక్కలో ఓ మోస్తరు మునిసిపాలిటీ. వాళ్ల జెండా మీద జాజికాయ బొమ్మ ఉంటుంది. అంతకన్నా ఘాటైన ఆయుధం వాళ్ల దగ్గర ఉన్నట్టు దాఖలాల్లేవు. కాకపోతే కమ్యూనిస్టు క్యూబా వాళ్లు అక్కడ విమానాశ్రయం కడుతున్నారు, పైగా 600 మంది దాకా అమెరికన్ పిల్లలు మెడిసిన్ చదువుతున్నారు, వాళ్ల ప్రాణాలకు ముప్పు అన్నారు. (విదేశాల్లో ఎంబీబీఎస్ చదివే పిల్లల కోసం ప్రభుత్వం ఇంతగా తల్లడిల్లడం చూస్తే మన తల్లిదండ్రులకు అసూయ కలగక మానదు.) అప్పట్లో గ్రెనడాకు దేశాధినేత బ్రిటన్ రాణి. ఆ రాణిగారి ప్రధాని మార్గరెట్ థాచర్ వద్దు మొర్రో అన్నా రీగన్ వినలేదు. నవంబర్ 2న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 108–9 ఓట్లతో ఈ దాడిని తప్పుపట్టింది. మర్నాడు విలేకరులు అదే అడిగితే, వంద దేశాలు తమతో ఏకీభవించకపోవడం కొత్తేమీ కాదనీ, దానివల్ల తన బ్రేక్‌ఫాస్ట్ ఏమాత్రం చెడలేదనీ రీగన్ సెలవిచ్చారు.

అందరూ జోక్ అనుకుని నవ్వి ఊరుకున్నారు. నిజానికి 1823 నాటి మన్రో సిద్ధాంతం, 1947 నాటి ట్రూమన్ సిద్ధాంతం పక్కన పాఠ్యపుస్తకంలో చేర్చాల్సిన మాట అది. దీన్ని అల్పాహార సిద్ధాంతం అందాం. ఇందులో రెండే సూత్రాలు. అధ్యక్షులవారి టిఫిన్ చెడకూడదు. ఎదుటివాడి పళ్లెంలో ఏముండాలో అధ్యక్షులవారే నిర్ణయిస్తారు.

సిద్ధాంతానికి మాట రూపం ఇచ్చింది రీగనే గానీ, అంతకు చాలా ముందే రిచర్డ్ నిక్సన్ దాన్ని చేసి చూపించారు. వియత్నాం యుద్ధం నడుస్తుండగా 1969 మార్చిలో పక్కనున్న కాంబోడియా మీద రహస్యంగా బాంబులు వేయడం మొదలుపెట్టినప్పుడు, తొలి విడత దాడికి పెట్టిన పేరు బ్రేక్‌ఫాస్ట్. ఆ తర్వాత లంచ్, స్నాక్, డిన్నర్, సప్పర్, డెజర్ట్. మొత్తానికి కలిపి ఆపరేషన్ మెనూ. ఆ దేశం ఎవరి పక్షమూ కాదు, తటస్థ దేశం. అయితే మాత్రం, ఆకలి అందరికీ ఒకటే కదా! 14 నెలల్లో బి-52 విమానాలు 3,800కు పైగా సార్లు వెళ్లి, లక్ష టన్నుల పైచిలుకు బాంబులు కొసరి కొసరి వడ్డించి వచ్చాయి. ఇంత పెద్ద విందు చేసి కూడా డప్పు కొట్టుకోకపోవడం నిక్సన్ వినయం. అమెరికా కాంగ్రెస్‌లో ఏ నలుగురైదుగురి చెవినో తప్ప మాట పడనివ్వలేదు. రికార్డుల్లో ఆ బాంబులన్నీ దక్షిణ వియత్నాంలోనే పడ్డట్టు రాయించారు. బండారం 1973లో బయటపడింది. అదే ఏడాది ఈ విందుకు పెద్ద వంటవాడైన నిక్సన్ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్‌కు నోబెల్ శాంతి బహుమతి ఇచ్చి తాంబూలం ముట్టజెప్పారు.

పండ్ల సంగతికొస్తే మధ్య అమెరికాలోని గ్వాటెమాలా ఉండనే ఉంది. అరటి తోటల కంపెనీ యునైటెడ్ ఫ్రూట్ బీడుగా వదిలేసిన భూముల్ని పేదలకు పంచుతానని అక్కడి అధ్యక్షుడు హకోబో ఆర్బెంజ్ పట్టుబట్టారు. పన్ను తగ్గించుకోవడానికి కంపెనీ తానే రాసిచ్చిన విలువ ప్రకారం పరిహారం ఇస్తానన్నారు. ఇంతకు మించిన దుర్మార్గం ఉంటుందా! 1954లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఆయన్ని గద్దె దింపింది. అప్పటి విదేశాంగ మంత్రి, సీఐఏ అధిపతి అన్నదమ్ములు. ఇద్దరూ గతంలో పనిచేసిన లా ఆఫీసుకు ఆ అరటి కంపెనీ క్లయింటు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. యునైటెడ్ ఫ్రూట్ అయితే మొదటి బంతిలోనే కూర్చుంది.

మన వంతు కూడా రాకపోలేదు. అమెరికా ఆహార సాయం కింద వచ్చిన పీఎల్ 480 గోధుమలు తిని పెరిగిన తరం ఇంకా మన మధ్యే ఉంది. 1965-66లో వరసగా వర్షాలు మొహం చాటేసినప్పుడు, ఇండియాకు ఏ నెలకు ఎన్ని ఓడల గోధుమలు పంపాలన్నది అప్పటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ స్వయంగా చూసుకునేవారు. ఏడాదికి సరిపడా ఒకేసారి ఇస్తే ఒళ్లు మరిచిపోతామని భయం. ఆ ఓడల కోసం ఎదురుచూస్తూనే మనవాళ్లు వియత్నాం మీద బాంబు దాడులు ఆపండని నీతులు చెప్పారు. తిన్నింటి వాసాలు లెక్కబెట్టడం అంటే ఇదే. జాన్సన్ తాడు ఇంకాస్త బిగించారు. గోధుమలు అయిపోయి దశాబ్దాలైంది గానీ, వాటితో పాటే దిగిందని చెప్పుకునే వయ్యారిభామ కలుపుమొక్క మాత్రం నేటికీ మన పొలాల గట్ల మీద మెచ్చుకోలు లేకుండానే సేవ చేస్తోంది.

దయకు పరాకాష్ఠ 2001లో అఫ్గానిస్తాన్‌లో కనబడింది. అక్టోబర్ 7న యుద్ధం మొదలైన రాత్రే బాంబులతో పాటు దాదాపు 37 వేల ఆహార పొట్లాలు కూడా ఆకాశం నుంచి జారవిడిచారు. బీన్స్, అన్నం, వేరుశనగ వెన్న, స్ట్రాబెర్రీ జామ్. మత విశ్వాసాలు దెబ్బతినకుండా మాంసం కూడా కలపలేదు, అంత ముందుచూపు. చిన్న ఇబ్బంది ఒక్కటే వచ్చింది. పొట్లాల రంగు పసుపు. క్లస్టర్ బాంబుల్లోంచి రాలి, పేలకుండా మిగిలిపోయే చిన్న బాంబుల రంగూ పసుపే. అంచేత పసుప్పచ్చగా కనబడింది తినేదో, చంపేదో చూసి మరీ ముట్టుకోండని రేడియోలో హెచ్చరికలు చదివించారు. ఆకలితో ఉన్న పిల్లాడు రేడియో వార్తలు విని, ఆకారాలు పోల్చుకుని, అప్పుడు పొట్లం తీసుకుంటాడని ఆశించడంలో ఆ ప్రజల తెలివి మీద అమెరికాకున్న గౌరవం తెలుస్తుంది. విమర్శలు వచ్చాక ఉదారంగా ఒక దిద్దుబాటు చేశారు. పొట్లాల రంగు నీలానికి మార్చాలని నిర్ణయించారు. క్లస్టర్ బాంబులు మానేయొచ్చన్న ఆలోచన ఎవరికీ తట్టినట్టు లేదు.

ఇరాక్ యుద్ధానికి ఫ్రాన్స్ సై అనలేదని 2003 మార్చిలో ప్రతినిధుల సభ క్యాంటీన్లలో ఫ్రెంచ్ ఫ్రైస్ పేరు ఫ్రీడం ఫ్రైస్‌గా మార్చేశారు. ఇరాక్‌లో సామూహిక వినాశక ఆయుధాలు దొరకలేదు గానీ, ఆ క్యాంటీన్లో శత్రువు మాత్రం నూనెలో వేగాడు.

డొనాల్డ్ ట్రంప్ వచ్చాక ఈ సిద్ధాంతం భోజనాల బల్ల దగ్గర బాహాటంగానే అమలవుతోంది. 2017 ఏప్రిల్ 6న ఆయన ఫ్లోరిడాలోని తన క్లబ్బులో చైనా అధినేత షీ జిన్‌పింగ్‌తో భోంచేస్తుండగా సిరియా మీదికి 59 క్షిపణులు బయల్దేరాయి. తర్వాత టీవీ ఇంటర్వ్యూలో ఆ ఘట్టాన్ని వర్ణిస్తూ, ఇంతవరకూ ఎవరూ చూడనంత అందమైన చాక్లెట్ కేకు తింటున్నామని ఎక్కడా తడబడకుండా చెప్పారు. క్షిపణులు వెళ్లిన దేశం మాత్రం ఇరాక్ అన్నారు. యాంకరమ్మ సిరియా అని అందించాల్సి వచ్చింది. ఏది గుర్తుంచుకోవాలో, ఏది మరిచిపోయినా నష్టం లేదో తెలిసిన నాయకుడు.

మామిడిపండు చరిత్ర కూడా చూడండి. మన మామిడికి పురుగు భయం ఉందని 1989 నుంచీ అమెరికా గేటు మూసేసింది. 2006 మార్చిలో జార్జ్ బుష్ అణు ఒప్పందం కోసం ఢిల్లీ వచ్చి, మీ మామిడిపళ్లు తినాలని మేం ఎదురుచూస్తున్నాం అన్నారు. మర్నాడు హైదరాబాద్ వచ్చి వ్యవసాయ విశ్వవిద్యాలయంలో గేదెను కూడా నిమిరారు. 2007లో గామా కిరణాలు సోకించిన పళ్లకు గేటు తెరిచారు. బదులుగా మనం హార్లే డేవిడ్సన్ మోటారు సైకిళ్లను రానిచ్చాం. ఆ బండ్ల మీద మన పన్ను మరీ ఎక్కువని ట్రంప్ తాను గద్దెనెక్కినప్పట్నుంచీ సణుగుతూనే వచ్చారు.

ఆ సణుగుడు చివరికి రొయ్య మీద పడింది. రష్యా చమురు కొంటున్నామని 2025 ఆగస్టు 27న మన సరుకుల్లో చాలావాటి మీద సుంకం 50 శాతానికి పెంచారు. రొయ్యకైతే, మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే యాంటీ డంపింగ్ సుంకం లాంటివి అదనం. చమురు కొన్నది ఎవరో, శిక్ష పడింది భీమవరం చెరువుల్లో రొయ్యకు. గట్టు మీద రైతు కౌంట్ ధర (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే రేటు) విని తల పట్టుకున్నాడు. ఆ నవంబర్‌లో అమెరికాలో ధరలు మండి జనం గోల పెట్టేసరికి ట్రంప్ కొన్ని సరుకుల మీద సుంకాలు ఎత్తేశారు. కాఫీ, అరటిపళ్లు, టమాటా, గొడ్డు మాంసం. జాబితా చూస్తే టిఫిన్ బల్ల కళ్లముందు కదలాడుతుంది. రొయ్య అందులో లేదు.

మనవాళ్లకు దారి లేకపోలేదు. అమెరికాలో దక్షిణ కరోలినా వైపు రొయ్యల్ని మొక్కజొన్న రవ్వతో కలిపి పొద్దున్నే తినే అలవాటుంది. ఎగుమతిదారులు వాషింగ్టన్‌లో లాబీయిస్టులకు ధారపోసే డబ్బుతో అక్కడి వంటమనిషి ఒకణ్ని వైట్‌హౌస్‌లో కుదిర్చితే చాలు. నెలరోజులు వరసగా రొయ్యలతో టిఫిన్ వడ్డించాలి. ఆ తర్వాత ఒకరోజు పొద్దున, సరుకు రాలేదండీ అని చెప్పించాలి.