గోల్ఫ్ మేనేజర్లకు తిరుపతిలో ట్రైనింగ్ పెట్టాలి

దేశంలో సమస్యలు చాలానే ఉన్నాయి, కాదనను. కానీ గోల్ఫ్ కోర్స్ మెయింటెనెన్స్ మేనేజర్లకు మాట్లాడటం రాదన్న సమస్యను ఇంతవరకు ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదు. రేటు పడిపోతే మదనపల్లె రైతు టమాటాలు రోడ్డు మీద పారబోసి తన బాధ నలుగురికీ చెప్పుకుంటాడు. ఈ మేనేజరు ఏం పారబోయాలి? ఇసుక తప్ప ఏముంది? అది ఎలాగూ పోస్తూనే ఉన్నాడు, తిట్లు పడుతున్నదీ అందుకే.

బంతి చివరకు దొర్లి గుంతలో పడే చోటును గ్రీన్ అంటారు. అక్కడ గడ్డిని దాదాపు 3 మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. జనం తొక్కీ తొక్కీ మట్టి గట్టిపడితే (దీన్నే కాంపాక్షన్ అంటారు) వేళ్లకు గాలీ నీళ్లూ అందవు కాబట్టి, అప్పుడప్పుడు మిషన్‌తో వేలు లావు మట్టి కడ్డీలు పెరికేసి ఆ బొక్కల్లో ఇసుక నింపుతారు. మళ్లీ గడ్డి కమ్ముకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. సైన్సు ఇంతే. దీన్ని క్లబ్బు మెంబరుకు చెప్పే దగ్గరే కొంపలు మునుగుతున్నాయి. "సాంకేతిక కారణముల వలన గ్రీన్స్ అసమానముగా ఉండును" అని నోటీసు అంటిస్తాడు మేనేజరు. నోటీసు ఎవరు చదివారు గనుక? మెంబరుగారు పొద్దున్నే తెల్లబూట్లేసుకుని వచ్చి, వంగి ఒక బొక్కలో చూపుడువేలు పెట్టి, దానికంటిన ఇసుకను మేనేజరు ముక్కు దగ్గరికి తెచ్చి "ఏంటయ్యా ఇది?" అంటారు. ఇతను "సర్... కాంపాక్షన్ సర్..." అని నసుగుతాడు. అయిపోయింది ఇంక్రిమెంటు.

వీళ్లందరినీ ఒక నెల తిరుపతికి పంపండి. చెడ్డ కబురు మొహం మీదే చెప్పి, విన్నవాడితో దండం పెట్టించుకోవడం ఈ ఊరికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కంపార్ట్‌మెంట్లన్నీ నిండాయి, సర్వదర్శనానికి 18 గంటలు అంటే జనం "గోవిందా" అనుకుని బ్యాగు తలకింద పెట్టుకుంటారు. ఇక కొండమీద కల్యాణకట్ట చూడండి. కూర్చున్నవాడు ఏ కంపెనీ డైరెక్టరైనా కావచ్చు, "తల వంచు సామీ" అన్న ఒక్క మాటకు వంచేస్తాడు. ముచ్చటగా పెంచుకున్న జుట్టు నిమిషాల్లో ఊడిపోతుంది, ఆయనేమో గంధం రాసుకుని నవ్వుతూ ఫొటో దిగుతాడు, మళ్లీ మొలుస్తుందని తెలుసు కాబట్టి. అదే మనిషి ఊరికెళ్లాక, క్లబ్బులో గడ్డికి గుండు కొట్టారని కమిటీకి మూడు పేజీల ఈమెయిల్ పంపుతాడు!

వాన పడితే తడి నేల అణిగిపోతుందని కోర్సులో మెంబర్లు తిరిగే బండ్లు ఆపాలి. దానికి పేరాలకు పేరాలు క్షమాపణలెందుకు? నవంబరు వానల్లో ఘాట్ రోడ్డు దగ్గర నిలబడ్డ కానిస్టేబుల్ చెయ్యి అడ్డంపెట్టి "పోకూడదు" అంటాడు, అంతే.

ఫైనల్ పరీక్ష గ్రీన్ స్పీడు మీద పెట్టాలి. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ కనిపెట్టిన స్టింప్‌మీటర్ అనే వాలు పట్టీ మీంచి వదిలితే బంతి ఎన్ని అడుగులు దొర్లిందో అదే స్పీడు. జానెడు దూరంలోంచి కూడా గుంతలో వేయలేని మెంబరు వచ్చి "మనది తొమ్మిదేనా? టీవీలో వాళ్లకు పదమూడట" అని అడుగుతాడు. జవాబు ఇలా ఉండాలి: "పదమూడు చేస్తే మీ బంతి రేణిగుంటలో తేలుతుంది సామీ." ఈ మాట అనేసి కూడా ఉద్యోగం నిలబెట్టుకున్నవాడికే సర్టిఫికెట్టు.